పాటలకి ఫోన్ చాలా, విడిగా ప్లేయర్ కొనాలా?

ఫోన్‌లో పాటలు వింటూ, సౌండ్ ఇంకొంచెం బాగుంటే బాగుండు అనిపించి, విడిగా ఒక మ్యూజిక్ ప్లేయర్ కొందామా అని చూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా. డబ్బు పెట్టాల్సిన వరస ముందే చెప్పేస్తాను. మొదట ఇయర్‌ఫోన్స్, తర్వాత మంచి ఫైళ్లు, తర్వాత అవసరమైతే ఫోన్ పోర్ట్‌కి ఇయర్‌ఫోన్స్ తగిలించే ఒక చిన్న డాంగిల్, అన్నీ అయ్యాక, అదీ నిజంగా పనికొస్తుందనుకుంటేనే, ప్లేయర్. చాలామంది దీన్ని చివరి నుంచి మొదలుపెడతారు. ఇరవై వేలు పెట్టి ప్లేయర్ కొని, దానికి ఏదో పాత ఫోన్‌తో వచ్చిన ఇయర్‌ఫోన్స్ తగిలించి, ఎప్పుడో ఎవరో వాట్సాప్‌లో పంపిన పాటలే అందులో ఎక్కించి, తేడా ఏమీ తెలియట్లేదే అని నీరసపడిపోతారు. తేడా ఎలా తెలుస్తుంది మరి, మారాల్సినవి మారలేదు కదా.

ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు. పాటలు జేబులో పెట్టుకుని తిరగాలంటే 1979లో సోనీ తెచ్చిన వాక్‌మన్ లాంటిదో, 2001లో ఆపిల్ తెచ్చిన ఐపాడ్ లాంటిదో ఉండాల్సిందే. తర్వాత ఆ పనులన్నీ ఫోనే చేయడం మొదలుపెట్టింది, 2022లో ఆపిల్ ఐపాడ్‌ను ఆపేసింది కూడా. అయినా సోనీ వాక్‌మన్ పేరుతో ప్లేయర్లు చేస్తూనే ఉంది, ఫియో, హైబీ, షాన్‌లింగ్ లాంటి చైనా కంపెనీలు కొత్త మోడళ్లు దించుతూనే ఉన్నాయి, కొరియా వాళ్ల ఆస్టెల్ అండ్ కర్న్ అయితే లక్షల్లో ధర పెట్టి అమ్ముతోంది. ఇవి కొనేవాళ్లు దేనికోసం కొంటున్నారో తెలిస్తే, మీకు కావాలో వద్దో మీకే తేలిపోతుంది.

ఫోన్ సౌండ్‌లో నిజంగా లోపం ఉందా

ఫైల్‌లో పాట అంకెల రూపంలో ఉంటుంది. ఆ అంకెల్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే చిప్‌ను డ్యాక్ అంటారు, ఆ సిగ్నల్‌కి బలం ఇచ్చి ఇయర్‌ఫోన్స్‌ను కదిలించేది ఆంప్. ఈ రెండూ ఫోన్‌లోనూ ఉంటాయి, ప్లేయర్‌లోనూ ఉంటాయి. ఈ రోజుల్లో హెడ్‌ఫోన్ జాక్ ఉన్న మామూలు ఫోన్లలో కూడా డ్యాక్ చాలావరకు బాగానే ఉంటుంది. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్స్ ఎక్కువగా 16 నుంచి 32 ఓమ్‌ల (కరెంటుకి అవి ఇచ్చే అడ్డు కొలత) మధ్య ఉంటాయి, వాటికి పెద్ద బలం అక్కర్లేదు. రెండింటి వాల్యూమ్‌నూ సరిసమానంగా పెట్టి, ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తే, ఫోన్‌కీ ఇరవై వేల ప్లేయర్‌కీ తేడా కనిపెట్టడం చాలామందికి కష్టమే.

ఆ వాల్యూమ్ మాట మర్చిపోకండి. ఒకే పాటను కాస్త గట్టిగా పెడితే మన చెవికి అదే బాగున్నట్టు అనిపిస్తుంది, అది మనిషి చెవి స్వభావం. ప్లేయర్లలో ఆంప్ బలంగా ఉంటుంది కాబట్టి అదే నంబర్ దగ్గర పెట్టినా గట్టిగా మోగుతుంది, దాంతో వెంటనే "అబ్బ, ఎంత తేడా" అనేస్తాం. పోల్చాలంటే ముందు వాల్యూమ్ సమానం చేసి, తర్వాత వినండి.

ఫోన్ నిజంగా ఓడిపోయే చోట్లు వేరు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి 300 ఓమ్‌ల పెద్ద హెడ్‌ఫోన్స్ పెడితే వాల్యూమ్ చివరిదాకా తిప్పినా పాట నీరసంగా వస్తుంది. ఇంకొకటి, జాకే లేకపోవడం. 2016లో ఐఫోన్ 7తో ఆపిల్ జాక్ తీసేశాక మిగతా కంపెనీలూ ఒక్కొక్కటిగా అదే దారి పట్టాయి, ఇప్పుడు ఖరీదైన ఫోన్లలో జాక్ దొరకడం చాలా అరుదు. ఇక ఆండ్రాయిడ్ గురించి తరచూ వినిపించే కంప్లయింట్ ఒకటుంది: అది అన్ని శబ్దాల్నీ కలిపి సాధారణంగా 48 కిలోహెర్ట్జ్‌కి (సెకనుకి 48 వేల కొలతలకి) మార్చేస్తుంది, సీడీ పాటలేమో 44.1లో ఉంటాయి, కాబట్టి పాట పాడైపోతుందని. మార్పు నిజమే కానీ టెన్షన్ పడాల్సినంత తేడా చెవికి తెలియదు. అదీ వద్దనుకుంటే డాంగిల్ పెట్టి యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో అనే యాప్ వాడండి, అది ఆ మార్పిడిని తప్పించి ఫైల్‌ను ఉన్నదున్నట్టు డాంగిల్‌కి పంపుతుంది.

ముందు చెవి సంగతి చూడండి

సౌండ్‌లో మీరు వినే తేడాలో పెద్ద వాటా ఇయర్‌ఫోన్స్‌దే, అందులోనూ అవి చెవిలో సరిగ్గా కూర్చున్నాయా లేదా అన్నదే. డబ్బాలో మూడు సైజుల రబ్బరు టిప్స్ ఇస్తారు, చాలామంది మధ్య సైజు పెట్టుకుని మిగతావి డబ్బాలోనే వదిలేస్తారు. మూడూ పెట్టి చూడండి. చెవి పైభాగాన్ని రెండో చేత్తో కొంచెం పైకి, వెనక్కి లాగి, ఇయర్‌ఫోన్‌ను లోపలికి పెట్టి కాస్త తిప్పాలి. సరిగ్గా కూర్చుంటే బయట ఫ్యాన్ చప్పుడు ఒక్కసారిగా తగ్గుతుంది, పాటలో బేస్ నిండుగా వస్తుంది. బేస్ పల్చగా ఉండి పైస్థాయి శబ్దాలు మాత్రమే చెవిలో గుచ్చుతుంటే ఎక్కడో గాలి లీకవుతోందని అర్థం, అప్పుడు సైజు పెంచండి. రెండు చెవులకీ ఒకే సైజు సరిపోవాలని లేదు, కుడికి ఒకటి ఎడమకి ఇంకొకటి పెట్టుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. రబ్బరువి ఎంతకీ నిలవకపోతే ఫోమ్ టిప్స్ విడిగా దొరుకుతాయి, వేళ్లతో నలిపి లోపల పెడితే అవే విచ్చుకుని కూర్చుంటాయి.

హైదరాబాద్‌లో తిరిగేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. మెట్రోలో అమీర్‌పేట దగ్గర లైన్ మారేటప్పుడు ఉండే గోల, సిటీ బస్సులో ఇంజిన్ పక్క సీటు, ఇవన్నీ పాటలోని మెల్లని భాగాల్ని పూర్తిగా తినేస్తాయి. టిప్ సరిగ్గా లేనివాళ్లు చేసే పని ఒక్కటే, వాల్యూమ్ పెంచడం. సరిగ్గా కూర్చుంటే అదే బస్సులో సగం వాల్యూమ్‌తో హాయిగా వినొచ్చు.

ఏది కొనాలి అంటే, వైరు పరవాలేదనుకుంటే రెండు వేల రూపాయల చుట్టుపక్కల మూన్‌డ్రాప్ చూ, టాంగ్జూ వానర్, 7హెర్ట్జ్ జీరో లాంటివి ఉన్నాయి, ఇలా చెవి లోపల కూర్చునేవాటిని ఐఈఎంలు అంటారు. ఈ ధరలో ఇంత మంచి సౌండ్ పదేళ్ల కిందట దొరికేది కాదు. వీలైతే వైరు ఊడదీసి మార్చుకునే మోడల్ తీసుకోండి, ముందు పోయేది ఎప్పుడూ వైరే. చాలామందికి ఇక్కడితోనే ఆ "ఇంకొంచెం బాగుంటే" తీరిపోతుంది, మిగతాది చదవక్కర్లేదు కూడా.

బ్లూటూత్‌తో వినేవాళ్లు చేయాల్సిన చిన్న పని

బ్లూటూత్‌లో పాట యథాతథంగా వెళ్లదు, ఫోన్ దాన్ని మళ్లీ కుదించి పంపుతుంది. ఆ కుదించే పద్ధతే కోడెక్. అన్నింట్లో ఉండేది ఎస్‌బీసీ, ఐఫోన్లలో దాంతోపాటు ఏఏసీ మాత్రమే ఉంటుంది, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆప్ట్‌ఎక్స్, సోనీ తయారుచేసిన ఎల్‌డ్యాక్ లాంటివి కూడా దొరుకుతాయి. మీ బడ్స్‌లోనూ ఫోన్‌లోనూ రెండింట్లోనూ ఉంటేనే అది పనిచేస్తుంది, ఒకదాంట్లో ఉంటే లాభం లేదు.

ఆండ్రాయిడ్‌లో చూసుకోవడం ఇలా: సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాల్లోకి వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. బడ్స్ కనెక్ట్ అయి ఉండగా అందులో బ్లూటూత్ ఆడియో కోడెక్ దగ్గరికి వెళితే ఇప్పుడు ఏది నడుస్తోందో కనిపిస్తుంది. ఎల్‌డ్యాక్ ఉంటే 330, 660, 990 కేబీపీఎస్ (సెకనుకి ఎంత డేటా వెళుతుందో దాని కొలత) అని మూడు స్థాయులుంటాయి. ఇంట్లో 990 పెట్టుకోండి. రద్దీగా ఉన్న మెట్రో పెట్టెలో అందరి బడ్స్, వాచీలు అదే గాలిలో మాట్లాడుకుంటుంటాయి కాబట్టి అక్కడ 990 పెడితే పాట తెగి తెగి వస్తుంది, 660కి దించండి లేదా ఫోన్‌నే చూసుకోమని వదిలేయండి. ఇదంతా చేసినా ప్లేయర్ సంగతి మారదని గమనించండి: బ్లూటూత్ బడ్స్ వాడితే అంకెల్ని శబ్దంగా మార్చే పని బడ్స్ లోపలే జరుగుతుంది, ప్లేయర్‌లోని ఖరీదైన డ్యాక్‌కి అక్కడ పనే ఉండదు. బడ్స్‌తోనే వింటాను అనేవాళ్లు సౌండ్ కోసం ప్లేయర్ కొనడం డబ్బు దండగ, ఈ మాట షాపువాళ్లు చెప్పరు.

డాంగిల్

జాక్ లేని ఫోన్‌కి వైరు ఇయర్‌ఫోన్స్ తగిలించాలంటే టైప్-సి నుంచి 3.5 ఎంఎంకి మార్చే చిన్న ముక్క కావాలి. ఇవి రెండు రకాలు, బయటికి ఒకేలా ఉంటాయి. ఒక రకంలో డ్యాక్ చిప్ లోపలే ఉంటుంది, రెండో రకం ఉత్త వైరు, ఫోనే తన డ్యాక్ సిగ్నల్‌ను పోర్ట్‌లోంచి బయటికి పంపితే తప్ప అది పనిచేయదు. ఇప్పటి చాలా ఫోన్లు అలా పంపవు. కోఠిలో గుజరాతీ గల్లీలోనో, అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లోనో నూట యాభైకి దొరికే ముక్క కొన్నాక ఇంటికొచ్చి పెడితే చప్పుడు రాకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. "డ్యాక్ ఉన్నదేనా" అని అడిగి, అక్కడే మీ ఫోన్‌కి పెట్టి, ఒక పాట విని మరీ తీసుకోండి.

ఆపిల్ వాళ్ల టైప్-సి డాంగిల్ సౌండ్ చాలా శుభ్రంగా ఉంటుంది, ఐఫోన్ 15 నుంచి వచ్చినవాటికీ, ల్యాప్‌టాప్‌లకీ దాన్ని ధైర్యంగా కొనొచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం దాని వాల్యూమ్ తక్కువగా వస్తుంది, వాళ్లు జేకాలీ, ఫియో, మూన్‌డ్రాప్ డాంగిల్స్ వైపు చూడటం మంచిది. పెద్ద హెడ్‌ఫోన్స్ ఉన్నవాళ్లకి 4.4 ఎంఎం బ్యాలెన్స్‌డ్ జాక్ (మామూలు 3.5 కన్నా లావుగా, రెండు చెవులకీ సిగ్నల్ విడివిడిగా పంపేది) ఉన్న డాంగిల్స్ ఎక్కువ బలాన్నిస్తాయి, అవి ప్లేయర్ ధర కంటే చాలా తక్కువకే వస్తాయి. డాంగిల్స్‌తో ఇబ్బంది ఏంటంటే ఫోన్ బ్యాటరీనే తాగుతాయి, జేబులో పెట్టుకుంటే పోర్ట్ వదులైపోతుంది, పాట వింటూ చార్జింగ్ పెట్టడం కుదరదు. రోజుకి గంటో రెండు గంటలో వినేవాళ్లకి ఇవేవీ లెక్కలోవి కావు.

ఫైళ్ల దగ్గర బద్ధకించొద్దు

స్ట్రీమింగ్‌తో వినేవాళ్లు యాప్‌లో క్వాలిటీ సెట్టింగ్ ఒకసారి తెరిచి చూడండి, డేటా మిగల్చడానికని తక్కువలో పెట్టి మర్చిపోయినవాళ్లు ఎందరో. ఆపిల్ మ్యూజిక్ 2021 నుంచి లాస్‌లెస్, అంటే కుదించినా ఏమీ నష్టపోని క్వాలిటీ, అదనపు డబ్బులు లేకుండా ఇస్తోంది, కానీ అది బ్లూటూత్‌లో లాస్‌లెస్‌గా చేరదు, వైరు కావాలి.

సొంతంగా ఫైళ్లు దాచుకునేవాళ్లకి లెక్క ఇది. 320 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి 2.4 ఎంబీ, అంటే ఐదు నిమిషాల పాట 12 ఎంబీ. సీడీ క్వాలిటీ 1,411 కేబీపీఎస్, దాన్ని ఏమాత్రం నష్టం లేకుండా కుదిస్తే వచ్చే ఫ్లాక్ ఫైల్ అదే పాటకి సుమారు 30 ఎంబీ. 128 జీబీ కార్డులో మొదటివి పదివేల వరకు, రెండోవి నాలుగువేల వరకు పడతాయి. ప్రయాణంలో వినడానికి 320 ఎంపీ3 చాలు, ఇంట్లో నిశ్శబ్దంగా కూర్చుని కచేరీలు వినేవాళ్లకి, దాచుకోవడానికి, ఫ్లాక్. నా ఉద్దేశంలో కచేరీలకే ఫ్లాక్ ఎక్కువ న్యాయం చేస్తుంది, వెనకాల తంబూరా సన్నగా సాగుతుండగా గాత్రం ఆగి మళ్లీ అందుకునే చోట్లు ఉంటాయి కదా, అక్కడ ఫైల్ బాగుంటే గది మారినట్టు తెలుస్తుంది.

ఒక మోసం ఉంది, దాని గురించి తెలుసుకోండి. నెట్‌లో "320", "ఫ్లాక్" అని రాసి ఉన్న పాత తెలుగు పాటల్లో చాలావాటిని అసలు 128 ఫైల్ నుంచి సాగదీసి చేస్తారు. నీళ్లు కలిసిన పాలను పెద్ద గిన్నెలో పోస్తే చిక్కబడతాయా? కంప్యూటర్‌లో స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి ఫైల్‌ను లాగి వదిలితే పాటలో ఎంత పైస్థాయి శబ్దం దాకా ఉందో బొమ్మ గీసి చూపిస్తుంది. 128 నుంచి వచ్చినవి సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తిరించినట్టు ఆగిపోతాయి, నిజమైన 320 అయితే 20 దాకా వెళుతుంది. ఇంట్లో పాత ఆడియో సీడీలు ఉన్నవాళ్లు అదృష్టవంతులు, ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్‌తో వాటిని ఫ్లాక్‌గా ఎక్కించుకోండి, సీడీ డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీది సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగి చూడండి.

అయితే ఈ స్పెక్ పరీక్ష ఘంటసాల కాలం పాటలకి పెట్టకండి. 1950లు, 60ల నాటి రికార్డింగుల్లో పైస్థాయి శబ్దం అసలుకే తక్కువ, అవి మోనో, అంటే రెండు చెవులకీ ఒకటే వస్తుంది. వాటికి ఎంత పెద్ద ప్లేయర్ పెట్టినా వాయిద్యాలు కుడిఎడమలకి విడిపోవు. అక్కడ చూడాల్సింది 128, 320 లాంటి బిట్‌రేట్ కాదు, ఏ కాపీ అన్నది. గర్‌మనే చప్పుడు తీసేస్తామని మరీ ఎక్కువగా శుభ్రం చేసిన కాపీల్లో గొంతులోని గరుకుదనం, ఊపిరి కూడా పోతాయి. రెండు మూడు కాపీలు పక్కపక్కన పెట్టి, కొంచెం చప్పుడున్నా గొంతు నిండుగా ఉన్నది ఉంచుకోండి. 80ల ఇళయరాజా పాటలకొచ్చేసరికి మాత్రం మంచి ఫైల్, మంచి ఇయర్‌ఫోన్స్ రెండూ ఉంటే కింద నడిచే బేస్ గిటార్ విడిగా వినపడుతుంది, ఆ ఒక్కదాని కోసమైనా ఈ శ్రమ పడొచ్చు.

పాత ఫోన్‌నే ప్లేయర్ చేయండి

ఇక నేను గట్టిగా నమ్మే మాట ఇది. విడి ప్లేయర్ ఇచ్చే అసలు సుఖం సౌండ్ కాదు, మధ్యలో ఎవరూ రాకపోవడం. ఫోన్‌లో పాట నడుస్తుంటే పార్సిల్ అబ్బాయి ఫోన్, ఓటీపీ, ఆఫీసు గ్రూపు, ఫ్యామిలీ గ్రూపులో గుడ్ మార్నింగులు, ఒక్కొక్క దానికీ పాట తగ్గి పెరుగుతుంది, పల్లవి విన్నాం అనుకునేలోపు చరణం అయిపోతుంది. పైగా ఊళ్లో తిరిగేటప్పుడు ఫోన్ బ్యాటరీ పాటలకి ఖర్చుపెట్టడం భయమే: మెట్రో టికెట్ క్యూఆర్ అందులోనే, దిగాక గేటు దాటడానికి మళ్లీ అదే చూపించాలి, చాయ్ డబ్బులూ, ఆటో బుకింగూ అందులోనే. నాగోల్‌లో ఎక్కి రాయదుర్గం దాకా వింటూ వెళ్లి, దిగేసరికి ఫోన్ చచ్చిపోతే ఎంత అవస్థో చెప్పక్కర్లేదు. కాబట్టి పాటలకి వేరే వస్తువు ఉండటంలో అర్థం ఉంది. ఆ వస్తువు చాలామంది ఇళ్లల్లో బీరువా సొరుగులో ఇప్పటికే ఉంది.

జాక్, మెమరీ కార్డు స్లాట్ రెండూ ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే తీయండి. మొదట వెనక మూత ఉబ్బి ఉందా, స్క్రీన్ అంచు లేచిందా చూడండి. బ్యాటరీ ఉబ్బితే చార్జింగ్ అసలు పెట్టొద్దు, రిపేర్ షాపులో బ్యాటరీ మార్పించాకే వాడాలి. బాగుంటే అందులోని ఫోటోలు, బ్యాంకు యాప్‌లు అన్నీ చూసుకుని, కావాల్సినవి తీసుకుని, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. సిమ్ వేయొద్దు. గూగుల్ అకౌంట్‌తో ఒకసారి లాగిన్ అయి, పాటల యాప్ ఒక్కటి దించుకుని, ఆ తర్వాత ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. యాప్ విషయంలో మ్యూజికోలెట్ తిరుగులేనిది, ప్రకటనలు లేవు, నెట్ వాడదు, ఫోల్డర్ల వారీగా చూపిస్తుంది, పాత ఫోన్లలో కూడా చకచకా నడుస్తుంది. ఎక్కువ సెట్టింగులు కావాలంటే డబ్బు పెట్టి పవర్యాంప్ తీసుకోండి. ఫోన్‌లో డాల్బీ, "సౌండ్ బూస్ట్" లాంటివి ఆన్‌లో ఉంటే ఆపేసి ఒకసారి వినండి, చాలాసార్లు అవి లేకుండానే గొంతు సహజంగా ఉంటుంది. సిమ్, నెట్ లేకపోవడంతో బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది, సౌండ్‌కి మంచి డాంగిల్ కావాలంటే దీనికే తగిలించుకోవచ్చు.

ఏప్రిల్, మే ఎండల్లో దాన్ని బండి డిక్కీలోనో, కారు డ్యాష్‌బోర్డు మీదో వదిలేయొద్దు, పాత బ్యాటరీలకి వేడి విషంతో సమానం. రాత్రంతా చార్జింగ్‌లో ఉంచే అలవాటూ మానండి.

పాత ఫోన్ లేనివాళ్లు, రెండోది మోయడం ఇష్టంలేనివాళ్లు ఉన్న ఫోన్‌లోనే డు నాట్ డిస్టర్బ్ పెట్టి, ఇంట్లోవాళ్ల నంబర్లకి మాత్రం అనుమతి ఇస్తే సగం పని అవుతుంది. శాంసంగ్ ఫోన్లలో అయితే సెపరేట్ యాప్ సౌండ్ అని ఒక సెట్టింగ్ ఉంది, పాటల యాప్ శబ్దం మాత్రమే ఇయర్‌ఫోన్స్‌కి వెళ్లి మిగతావి ఫోన్ స్పీకర్‌లోనే ఉండిపోతాయి.

ఇక ప్లేయర్ కొనాల్సినవాళ్లు

పెద్ద హెడ్‌ఫోన్స్ ఉన్నవాళ్లు, వేల పాటలు సొంతంగా దాచుకున్నవాళ్లు, వైరుతోనే వినేవాళ్లు, ఫోన్‌కి దూరంగా రోజూ చాలాసేపు వినేవాళ్లు ధైర్యంగా కొనుక్కోండి. రెండు రకాలున్నాయి. ఆండ్రాయిడ్ ఉన్నవాటిలో స్ట్రీమింగ్ యాప్‌లు నడుస్తాయి, కానీ వాటిలో వచ్చే ఆండ్రాయిడ్ వెర్షన్ తరచూ పాతదే ఉంటుంది, అప్‌డేట్లు సరిగ్గా రావు, కొన్నేళ్లకి యాప్‌లు ఆగిపోతాయి, బ్యాటరీ కూడా త్వరగా అవుతుంది. ఆండ్రాయిడ్ లేని చిన్నవాటిలో కార్డులో ఉన్న పాటలు మాత్రమే, కానీ ఆన్ చేయగానే లేస్తాయి, జేబులో ఉన్నట్టే తెలియదు, చాలా కాలం నడుస్తాయి. స్ట్రీమింగ్ ఎలాగూ ఫోన్‌లో ఉంది కాబట్టి నేనైతే రెండో రకమే కొనమంటాను. చాలా ప్లేయర్లను కంప్యూటర్‌కి వైరుతో కలిపి డ్యాక్‌గా వాడుకోవచ్చు, ఆ సదుపాయం ఉందో లేదో చూసి కొంటే ఇంట్లో కూడా పనికొస్తుంది.

తెలుగువాళ్లు తప్పకుండా చూడాల్సింది ఒకటుంది, అమ్మేవాళ్ల రివ్యూల్లో అది కనిపించదు. ఆండ్రాయిడ్ లేని ప్లేయర్లలో చాలావాటికి తెలుగు లిపి చూపించడం రాదు. పాట పేరు తెలుగులో ఉంటే డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తుంది, లేదా వత్తులు, గుణింతాలు విడిపోయి పడతాయి. కాబట్టి కొనేముందు వీలైతే తెలుగు పేరున్న ఒక ఫైల్ కార్డులో వేసి చూడండి, ఆన్‌లైన్‌లో కొంటుంటే అమ్మేవాళ్లని అడగండి, రాకపోతే ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్‌తో పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చుకోవాల్సి వస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్‌తోనే నెట్ పాటల పేర్లలో అతికించి ఉండే వెబ్‌సైట్ల పేర్లన్నీ ఒక్క దెబ్బకి తీసేయొచ్చు. ఫైల్ పేర్ల ముందు 01, 02 అని అంకెలు పెట్టుకుంటే ఫోల్డర్‌లో వరస తప్పదు. పాత పాటలూ కొత్త పాటలూ కలిపి వింటే ఒకటి మెల్లగా, ఒకటి చెవులు పగిలేలా వస్తుంది కదా, దానికి ఫూబార్2000 అనే సాఫ్ట్‌వేర్‌లో రీప్లేగెయిన్ వేసి పెట్టండి, అది ఫైల్‌ను చెడగొట్టదు, ప్లేయర్‌కి ఎంత తగ్గించాలో చెప్తుందంతే.

ఇలాంటి ప్లేయర్లు మన మార్కెట్లలో కౌంటర్ మీద దొరకడం అరుదు, ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే కొనాలి. ఇండియా వారంటీ ఉందో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి, విదేశాల నుంచి నేరుగా తెప్పిస్తే ధర తక్కువ కనిపించినా కస్టమ్స్ సుంకం కలిశాక లెక్క మారిపోతుంది, పాడైతే తిరిగి పంపడం పెద్ద తలనొప్పి.

ఇంట్లో పెద్దవాళ్ల కోసం చూస్తుంటే ఈ లెక్కలేవీ అక్కర్లేదు. గట్టి బటన్లు, పెద్ద స్పీకర్, పాటలు ముందే ఎక్కించి ఉన్న కారవాన్ లాంటిది తీసుకోండి, లేదా యూఎస్‌బీ స్లాట్ ఉన్న చిన్న రేడియోలో అన్నమయ్య కీర్తనలూ, పాత పాటలూ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వండి. వాళ్లకి టచ్ స్క్రీన్ నేర్పించే శ్రమ మీకూ తప్పుతుంది, వాళ్లకీ తప్పుతుంది.

ఫోన్ అయినా ప్లేయర్ అయినా చెవుల జాగ్రత్త ఒకటే. వయసొచ్చినవాళ్లు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ దాటకుండా వింటే పరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, పిల్లలకి 75. ఫోన్లు హద్దు దాటితే హెచ్చరిస్తాయి, ప్లేయర్లలో చాలావాటికి ఆ ఏర్పాటు ఉండదు, ఆంప్ కూడా బలమైనది, కాబట్టి మ్యాక్సిమమ్ వాల్యూమ్ లిమిట్ ఉంటే మొదటి రోజే పెట్టేయండి. విన్నాక చెవిలో గుయ్‌మంటే ఎక్కువైనట్టే. బండి నడుపుతూ చెవుల్లో ఏమీ పెట్టుకోవద్దు, ఒక్క చెవిలోనే అన్న సర్దుబాటు కూడా వద్దు, మన రోడ్ల మీద వెనక వచ్చే బస్సు హారన్ వినపడటం మీ ప్రాణానికి సంబంధించిన విషయం.

కార్డు కొన్నప్పుడు చేయాల్సిన పని చెప్పి ఆపేస్తా. ఫుట్‌పాత్ మీద చవకగా దొరికే 512 జీబీ కార్డుల్లో నకిలీవి చాలా ఉంటాయి, కంప్యూటర్‌లో 512 అనే చూపిస్తాయి కానీ ఏ 32 జీబీనో నిండాక ఎక్కించిన పాటలన్నీ పాడైపోతాయి. బిల్లు ఇచ్చే షాపులో కొనండి, పాటలు ఎక్కించేముందు విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్ లేదా లైనక్స్‌లో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రామ్‌తో కార్డు మొత్తం రాసి చదివి చూడండి, పెద్ద కార్డుకి గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. పాస్ అయితే ప్లేయర్‌లోనే ఫార్మాట్ చేసి పాటలు ఎక్కించండి, అవే ఫైళ్లు ఇంకో హార్డ్ డిస్క్‌లో కూడా ఉంచుకోండి.